పందిరికి తీగ గులాబీ ఎలా ఎంచుకోవాలి: గోదావరి డెల్టా వాళ్ల కోసం

మా పెరటి పందిరి మీద మూడేళ్లపాటు ఒక గులాబీ తీగ పాకింది. పాకడమంటే అలా ఇలా కాదు, పక్కనున్న కాకర తీగ సిగ్గుపడేలా పాకింది. ఆకు నవనవలాడేది. చెయ్యి పెడితే ముల్లు వదిలేది కాదు. పువ్వు మాత్రం మొదటి ఏడు లేదు, రెండో ఏడు లేదు. మూడో ఏడు ఫిబ్రవరిలో ఒక మూల నాలుగు గుత్తులు పూసి ఊరుకుంది. ఫోన్లో బొమ్మ చూసి తెప్పించిన మొక్క అది. ఆ బొమ్మలో ఇంగ్లండులో ఎవరిదో ఇల్లు, గోడ కనబడనన్ని గులాబీలు. అమ్మినవాళ్లు మోసం చెయ్యలేదు, చెప్పిన రకమే పంపారు. దాన్ని తెచ్చి వశిష్ఠ గోదావరి పక్కన నాటడం నా తెలివితక్కువ.

అందుకని ఇది ధవళేశ్వరానికి దిగువన, గోదావరి పాయలకు అటూ ఇటూ ఉన్న ఊళ్లవాళ్ల కోసం రాస్తున్నాను. బెంగళూరులోనో ఊటీలోనో ఉన్నవాళ్లకు ఇందులో సగం మాటలు పనికిరావు. వాళ్లు చెప్పేవి మనకు పనికిరానట్టే.

చలి లేని చోట ఏది పూస్తుంది

పాకే గులాబీలన్నిటినీ మనం తీగ గులాబీ అనేస్తాం. నర్సరీల్లోనూ అంతే. నిజానికి ఇందులో రెండు తెగలున్నాయి: రాంబ్లర్లు, క్లైంబర్లు.

రాంబ్లర్ రెమ్మ సన్నగా ఉంటుంది, బెత్తంలా వంగుతుంది. ఏటా మొదలు నుంచి కొత్త రెమ్మలు పుట్టి ఒక్క ఏడులోనే పది, పదిహేను అడుగులు సాగిపోతాయి. పువ్వు చిన్నదే గానీ గుత్తులు గుత్తులుగా వస్తుంది. పందిరికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే ఇవి చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూస్తాయి, అదీ కిందటేడు పెరిగిన రెమ్మ మీద. మధ్యలో ఆ రెమ్మకు గట్టి చలి తగలాలి, మొక్క నిద్రపోయి లేవాలి. 1901లో వచ్చిన డొరొతీ పెర్కిన్స్, 1902 నాటి అమెరికన్ పిల్లర్, 1921 నాటి ఆల్బర్టీన్ ఇలాంటివే. విదేశీ తోటల బొమ్మల్లో పందిళ్ల మీద విరగబూసి కనబడేవి ఎక్కువగా ఈ తరహా రకాలే. మనకు భోగి మంట వేసుకునే నాటి చలే పెద్ద చలి. గులాబీ దాన్ని చలిగా లెక్కలోకే తీసుకోదు. నిద్రపోదు కాబట్టి లేవడమూ ఉండదు, ఆకు వేస్తూ కూర్చుంటుంది. ఉత్తరాదిన వసంతంలో పసుపు గుత్తులతో నిండిపోయే బాంక్స్ గులాబీదీ ఇదే కథ. దానికి ముళ్లు దాదాపు ఉండవు కాబట్టి ఆశ పుడుతుంది, ఆశపడకండి.

క్లైంబర్ రెమ్మ లావు, పువ్వు పెద్దది. ఏడాదిలో నాలుగైదు విడతలు కొత్త చిగురు మీద పూస్తుంది, చలితో పనిలేదు. కానీ వీటిలో చాలా వాటి రెమ్మ కర్రలా బిగుసుకుపోతుంది. గోడకు, స్తంభానికి బాగుంటుంది గానీ పందిరి మీద పడుకోబెట్టబోతే ఫట్‌మని విరుగుతుంది.

మనకు కావలసింది రాంబ్లర్‌లా వంగే రెమ్మ, క్లైంబర్‌లా మళ్లీ మళ్లీ పూసే గుణం. అలాంటివి ఉన్నాయి. వాటి పుట్టుక కథ మనకు దగ్గరగా ఉంటుంది కాబట్టి చెబుతాను. 1800 దాటిన తొలి ఏళ్లలో అమెరికా ఆగ్నేయ తీరంలో చార్ల్‌స్టన్ దగ్గర జాన్ చాంప్నీస్ అనే ఆయన ఉండేవాడు. ఆయనవి వరి పొలాలు. సముద్రం పక్కన వరి చేలు, ఉక్కపోత, తుపానులు, అంటే దాదాపు మన కోనసీమే. ఆయన తోటలో చైనా నుంచి వచ్చిన గులాబీ, కస్తూరి వాసన ఉండే పాత తీగ గులాబీ కలిసి ఒక కొత్త మొక్క పుట్టింది. చైనా గులాబీ నుంచి ఏడాదంతా పూసే గుణం వచ్చింది, రెండో దాని నుంచి తీగ గుణం వచ్చింది. అక్కడే ఉన్న ఫిలిప్ నాయిసెట్ అనే తోటమాలి ఆ సంతతి మొక్కల్ని పారిస్‌లో ఉన్న సోదరుడికి పంపాడు. అలా వాటికి నాయిసెట్ గులాబీలని పేరు పడింది. తర్వాత వాటిని టీ గులాబీలతో (టీ ఆకు వాసన వేసే తెగ) కలిపి టీ-నాయిసెట్లు చేశారు. నర్సరీకి వెళ్లినప్పుడు నాయిసెట్, టీ, హైబ్రిడ్ మస్క్ అన్న మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి. మన పందిరికి గులాబీ ముందుగా ఈ మూడు తెగల్లో వెతకాలి.

మొక్క కంటే ముందు పందిరి

మొక్క కొన్నాక పందిరి వేద్దాంలే అనుకుంటారు చాలామంది. తిప్పి చెయ్యండి. గులాబీ పందిరిని నింపడానికి మూడేళ్లు పడుతుంది. సరుగుడు బాదులు పాతితే మన తేమకూ చెదలుకూ మొదళ్లు సరిగ్గా ఆ మూడేళ్లకే పుచ్చుతాయి. అంటే తీగ నిండే రోజుకు పందిరి ఒరుగుతుంది. చిక్కుడు తీగైతే కోసి పారేసి కొత్త పందిరి వేసుకుంటాం, ముళ్ల తీగ కింద కర్రలు మార్చడం ఎవరి వల్లా కాదు. రెండంగుళాల జి.ఐ. పైపు గానీ సిమెంటు స్తంభం గానీ వాడండి. రెండున్నర అడుగుల లోతు గుంట తీసి కాంక్రీటు పోయించండి. ఇనుప పైపు మే నెలలో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ఆనుకున్న రెమ్మ మాడిపోతుంది. అందుకని స్తంభాలకూ పైన అడ్డ పైపులకూ కొబ్బరి తాడు దగ్గర దగ్గరగా చుట్టండి. వేడి తగలదు, తీగకు పట్టూ దొరుకుతుంది.

ఎత్తు ఎనిమిది అడుగులకు తగ్గకూడదు. పైనుంచి రెమ్మలు అడుగు, అడుగున్నర కిందికి వేలాడతాయి, తలెత్తితే ముల్లు జుట్టు పట్టుకుంటుంది. పైన అడ్డకర్రలు అడుగున్నరకొకటి చాలు. వల పరచకండి, షేడ్ నెట్ అసలు వద్దు. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లే తోటలు తోటలుగా కూలిపోయాయి. గాలి వస్తే దారి ఇవ్వాలి గానీ తెరచాపలా ఎదురు నిలిచే పందిరి మిగలదు.

కొబ్బరి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పందిరికి నడినెత్తిన కొబ్బరి చెట్టు ఉంటే ఆ చోటు వదిలేయండి. ఒకటి నీడ, గులాబీకి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. రెండోది మట్ట. ఎండు మట్ట పైనుంచి పడితే మూడేళ్ల రెమ్మ కూడా మొదలంటా చీలుతుంది. మాకు ఒకసారి ఆ ముచ్చటా తీరింది.

ఎనిమిది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, ఆరు స్తంభాల పందిరి అనుకుందాం. ఆరింటికీ ఆరు గులాబీలు పెట్టకండి. మూడు చాలు, మహా అయితే నాలుగు. దక్షిణం, తూర్పు వైపు స్తంభాలకు గులాబీ, ఉత్తరం వైపు విరజాజి పెడితే రెండూ బతుకుతాయి. గులాబీ కాస్త సద్దుమణిగే వేసవిలో జాజి పూస్తుంది. రకాలు కూడా స్తంభానికొకటి పెట్టకండి. ఎగ్జిబిషన్ స్టాల్‌లా ఉంటుంది తప్ప పందిరిలా ఉండదు. ఒకటే రకం లేదా రెండు.

నీళ్ల పరీక్ష

ఇది దాటేసి కొనడానికి పోయినవాళ్లు తర్వాత మందుల షాపుల చుట్టూ తిరుగుతారు. గులాబీకి ఉప్పు పడదు. భీమవరం, నర్సాపురం వైపు చెరువులు తవ్విన చోట్ల, మొగల్తూరు, అంతర్వేది వైపు సముద్రం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు పోస్తే ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి, కాల్చిన అప్పడంలా అవుతాయి. తెగులనుకుని మందు కొడతాం. మట్టి పరీక్ష చేసే చోట నీళ్లు కూడా పరీక్షిస్తారు. నీళ్లలో ఉప్పు ఎంతుందో తెలిపే ఇ.సి. అనే అంకె ఇస్తారు (డెసీసీమెన్స్/మీటరు లెక్కలో). అది 1 లోపు ఉంటే బెంగ లేదు. 2 దాటితే గులాబీ మాట మానేసి రాధామనోహరం వేసుకోండి. గులాబీ కంటే అది మొండి మొక్క, సాయంత్రం తెల్లగా విచ్చి, తెల్లారాక గులాబీ రంగుకు, ఆ తర్వాత ఎరుపుకు తిరిగే ఆ గుత్తుల ముందు ఏ గులాబీ పందిరీ నిలవదు. నిజం చెబితే నాకు ఇప్పటికీ ఏది ఎక్కువ ఇష్టమో తేల్చుకోలేను.

మధ్యస్థంగా ఉంటే కాలవ నీళ్లు, వాన నీళ్లు కలిపి నెట్టుకురావచ్చు. అయితే ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. సరిగ్గా మొక్కకు నీళ్లు కావలసిన ఏప్రిల్, మే నెలల్లోనే. అప్పటికి ఒక తొట్టె నిండా నిలవ పెట్టుకునే ఏర్పాటు ముందే చూసుకోండి.

ఏ రకం

పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి గులాబీని కింద నుంచి చూస్తాడు. ఈ సంగతి రకాలు ఎంచేటప్పుడు ఎవరికీ తోచదు. నిటారుగా ఆకాశం వైపు చూసే పువ్వు మేడ మీదున్న పక్కింటివాళ్లకు కనబడుతుంది, మనకు దాని అడుగున పచ్చ తొడిమ కనబడుతుంది. పందిరి పువ్వు మెడ వంచాలి. టీ, నాయిసెట్ తెగల పువ్వుల కాడ సన్నం, పువ్వు బరువు. అందుకని తలవంచుకునే పూస్తాయి. పూలబుట్టల పోటీల్లో అది లోపం, మనకు అదే వరం.

మరేషల్ నీల్ 1864 నాటి టీ-నాయిసెట్. లేత పసుపు, టీ పొడి డబ్బా మూత తీసినప్పటి లాంటి వాసన, పువ్వు వేలాడుతుంది. వానలో మొగ్గ విచ్చుకోకుండా కుళ్లుతుంది కాబట్టి దీని పూత డిసెంబరు నుంచి మార్చి దాకానే లెక్క పెట్టుకోండి. క్లైంబింగ్ లేడీ హిలింగ్డన్ 1917లో వచ్చింది, మాగిన ఆప్రికాట్ పండులా నారింజ కలిసిన పసుపు రంగు, కొత్త చిగురు నేరేడు రంగులో ఉంటుంది. పువ్వు లేనప్పుడు కూడా చూడబుద్ధేస్తుంది. ఈ రెండింటిలో ఒకటి దొరికితే నేనైతే ఇంకో రకం వెతకను.

సులువుగా పెరిగేది కావాలంటే ప్రాస్పెరిటీ. 1919 నాటి హైబ్రిడ్ మస్క్, మీగడ తెలుపు, గుత్తులు. రెమ్మ ఎనిమిది, పదడుగులు సాగి చక్కగా వంగుతుంది, కాస్త నీడను కూడా సర్దుకుంటుంది. మొదటిసారి వేసేవాళ్లకు ఇదే చెబుతాను. మన దేశంలో పుట్టిన ఢిల్లీ వైట్ పెర్ల్ కూడా తెలుపే, ఆకు దిట్టంగా ఉంటుంది. క్లైంబింగ్ ఐస్‌బర్గ్ అందరూ అడిగేది. ముళ్లు తక్కువ, చలికాలం పందిరంతా తెల్లగా చేసేస్తుంది. కానీ వానాకాలం నల్లమచ్చ తెగులొచ్చి ఆకు రాల్చుకుని నిలబడుతుంది. ఆ మూడు నెలలు ఓర్చుకోగలిగితేనే తెచ్చుకోండి.

గోల్డెన్ షవర్స్ రెమ్మ బిగువు, స్తంభం వరకు బాగుంటుంది గానీ పైకెక్కాక వంగదు. పసుపు కూడా మన ఎండకు రెండో రోజుకే వెలిసిపోతుంది. కాక్‌టెయిల్ అని ఐదు రేకుల ఎర్ర పువ్వు ఉంది, మధ్యలో పసుపు. ఏడెనిమిది అడుగులకు మించదు కాబట్టి స్తంభం మొదట్లో పెట్టుకోవచ్చు. ముదురు ఎరుపు రకాల మీద మనసుంటే ఒకటి తెలుసుకోండి, ఫిబ్రవరి దాటితే ఆ రేకుల అంచులు ఎండకు మాడి నల్లబడతాయి. మెర్మెయిడ్ అనే పసుపు తీగ పాతిక అడుగులు పోతుంది, ముళ్లు కొక్కేల్లా ఉంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

ఇంకొకటి చెప్పాలి. ఎం.ఎస్. వీరరాఘవన్ గారని, ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసి ఆ ఉద్యోగం వదిలేసి కొడైకెనాల్‌లో గులాబీల మీద పడ్డారు. ఆయనా భార్య గిరిజ గారూ కలిసి వేడి ప్రాంతాల కోసమే కొత్త రకాలు పుట్టించారు. మణిపూర్ కొండల్లో చెట్లకెక్కే గైగాంటియా అనే అడవి గులాబీ, బెంగాల్, బీహార్ వైపు ఏటి ఒడ్డున నీళ్లలో నిలబడి బతికే క్లైనోఫిల్లా, ఈ రెండూ వాళ్ల పెట్టుబడి. నీళ్లలో నిలబడే గులాబీ అంటే మనకు ప్రాణం లేచి రాదూ! ఆ తీగ రకాల్లో ఏదైనా కంటబడితే బేరమాడకుండా తెచ్చుకోండి.

కడియంలో కొనేటప్పుడు

కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక చుట్టూ నర్సరీలకు అందరం సంక్రాంతి ముందు పోతాం. అప్పుడు ప్రతి గులాబీ నిండా పూసి ఉంటుంది, ఏది చూసినా ముద్దొస్తుంది. ఎంచుకోవడానికి అది తప్పు సమయం. అక్టోబరులో, వానలు బాగా పడుతున్నప్పుడు ఒకసారి పోయి కొనకుండా చూసి రండి. ఆకు మీద నల్లమచ్చలు లేకుండా, కింది ఆకు కూడా నిలబెట్టుకున్న మొక్క ఏ రకమో రాసుకోండి. డిసెంబరులో పోయి ఆ రకం కొనండి.

"తీగ గులాబీ ఉందాండీ?" అంటే "ఆయ్, ఉందండి" అని బటన్ గులాబీ పొడుగ్గా పెరిగినది చూపించడం కద్దు. మర్యాదగానే మూడు విషయాలు అడగండి. దీని తల్లి మొక్క ఎక్కడైనా పాకి ఉందా, చూడొచ్చా? ఏ నెలల్లో పూసింది? అంటు కట్టిందా, కొమ్మ పాతిందా? తల్లి మొక్కను చూపించగలిగినవాళ్ల దగ్గరే కొనండి. పేరు చీటీని మాత్రం నమ్మకండి, అది వానకు తడిసి ఇంకో కుండీలోకి పోయి ఉంటుంది.

తర్వాత రెమ్మ పరీక్ష. పెన్సిలంత లావు పచ్చి రెమ్మను పట్టుకుని గొడుగు పిడిలా మెల్లగా వంచి చూడండి. వంగి నిలబడితే పందిరికి పనికొస్తుంది. మధ్యలోనే మొరాయిస్తే అది స్తంభం గులాబీ. మొక్క నిండా పూలున్నవి కాకుండా మొదలు నుంచి మూడు బలమైన రెమ్మలు లేచినవి తీసుకోండి. అంటు దగ్గర పగులు, నల్లటి చార ఉంటే పక్కన పెట్టెయ్యండి.

గుంట తియ్యకండి, మెరక చెయ్యండి

పుస్తకాలన్నీ రెండడుగుల గుంట తీసి ఎరువు నింపమంటాయి. మన బంకమట్టిలో ఆ పని చేస్తే గుంట కాస్తా చిన్న బావి అవుతుంది. చుట్టూ నల్లమట్టి నీటిని పీల్చదు, వానంతా ఆ గుంటలోకి చేరి నిలబడుతుంది, ఆగస్టులో వేరు కుళ్లుతుంది. పైన చూస్తే ఆకులు వాడిపోయి ఉంటాయి. దాహం అనుకుని ఇంకో బిందె పోస్తాం. అలా మొదట్లో నేను రెండు మొక్కల్ని చేజేతులా ముంచి చంపాను.

పైకి కట్టాలి. స్తంభం పక్కన నేలను అరడుగు లోతు పారతో తిరగేసి, దాని మీద అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు మెరక చెయ్యండి. అంచులకు ఇటుకలు పేరిస్తే వానకు జారదు. అడుగున కొబ్బరి డొక్కలు బోర్లించి ఒక వరస పేర్చండి. పచ్చివి కాకుండా వానకు నానిన పాత డొక్కలైతే వాటిలో ఉప్పు పోయి ఉంటుంది. పైన రెండు వంతులు మన మట్టి, ఒక వంతు లంక మట్టి, ఒక వంతు బాగా మాగిన గెత్తం. దానిలో పావు కేజీ వేప పిండి, రెండు గుప్పిళ్లు ఎముకల పొడి కలపండి. లంక ఊళ్లవాళ్లకు ఈ బాధ లేదు, వాళ్ల మట్టిలో ఇసకే ఎక్కువ. వాళ్లు గెత్తం రెట్టింపు వేసుకుంటే చాలు, కానీ వరద మట్టం చూసుకుని నాటుకోవాలి.

నాటే కాలం కార్తీకం వెళ్లాక, అంటే నవంబరు చివర నుంచి డిసెంబరు. తుపానుల భయం తగ్గుతుంది, వేరు పట్టుకోవడానికి నాలుగు నెలల చల్లదనం దొరుకుతుంది.

బయటి ఊళ్ల నుంచి వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ ఎర్ర బంకమట్టి ముద్ద ఉంటుంది. అలాగే నాటితే ఆ ముద్ద ఎండి రాయి అవుతుంది, వేరు దాన్ని దాటి రాదు. బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, పై మట్టి సగం దాకా వేళ్లతో మెల్లగా కరిగించండి. లోపలి సగం కదపకండి. స్తంభానికి అడుగు, అడుగున్నర ఎడంగా, కొద్దిగా స్తంభం వైపు వాల్చి నాటండి. అంటు కట్టిన ముడి మట్టికి రెండంగుళాలు పైన ఉండాలి. చలి దేశాల్లో ముడిని పూడుస్తారు, మనం పూడిస్తే కుళ్లుతుంది. చుట్టూ ఎండుగడ్డి పరవండి, మొదలుకు మాత్రం ఆనించకండి.

పడుకోబెడితేనే పూస్తుంది

ఈ ఒక్క పని సరిగ్గా వస్తే మిగతా తప్పులు చాలా వరకు క్షమించేస్తుంది గులాబీ. నిలువుగా పెరిగే రెమ్మలో కొసన ఉన్న చిగురు కింద ఉన్న కన్నులన్నిటినీ అణచి ఉంచుతుంది. అందుకే నిలువు రెమ్మకు కొసన రెండు పువ్వులు పూసి ఆగిపోతాయి. అదే రెమ్మను అడ్డంగా పడుకోబెడితే ఆ అదుపు సడలుతుంది, ప్రతి కన్నూ లేచి చిన్న రెమ్మ వేస్తుంది, ప్రతి చిన్న రెమ్మ కొసనా పువ్వు. ఒకే రెమ్మకు రెండు పువ్వులా, ఇరవయ్యా అన్నది మన చేతిలో ఉంది.

కాబట్టి మొక్కను స్తంభం వెంట తిన్నగా పైకి పంపకండి. మొదటి రెమ్మ మూడడుగులు దాటగానే స్తంభం చుట్టూ జడ అల్లినట్టు ఏటవాలుగా చుట్టుతూ తీసుకెళ్లండి. అప్పుడు మొదలు దగ్గర కూడా పూస్తుంది. పందిరి ఎక్కాక ఒక్కో రెమ్మను ఒక్కో వైపుకు, విసనకర్ర ఈనెల్లా విడదీసి కట్టండి. కొస కొద్దిగా కిందికి వాలినా మంచిదే.

వంచే పని పొద్దున పెట్టుకోకండి. పొద్దున రెమ్మ నీళ్లతో బిగిసి ఉంటుంది, విరుగుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండకు కాస్త సడలి ఉంటుంది, అప్పుడు మెత్తగా మాట వింటుంది. ఒక్కరోజే పూర్తిగా వంచనక్కర్లేదు, వారానికి కొంత కొంత లాగండి. కట్టడానికి పురికొస గానీ అరటి నార గానీ చాలు. తాడును కర్రకూ రెమ్మకూ మధ్య ఒకసారి మెలిపెట్టి, వేలు పట్టేంత వదులుగా ముడి వెయ్యండి. బైండింగ్ వైరు వద్దు, ఏడాదిలో రెమ్మలోకి కోసుకుపోతుంది. రెమ్మల్ని అడ్డకర్రల సందుల్లోంచి పైకీ కిందికీ అల్లకండి. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ రెండేళ్ల తర్వాత ఎండిన రెమ్మ ఒకటి తియ్యాలంటే రంపం పట్టుకోవాలి. అన్నీ కర్రల పైన ఉంచి కట్టడమే.

కత్తెర, గాలి, తెగులు

మొదటి రెండేళ్లు కత్తెర ఎండుపుల్లలకే. పొడుగు రెమ్మ కోస్తే మళ్లీ మొదటికొస్తాం. మూడో ఏడు నుంచి రెండు కోతలు. ఒకటి సెప్టెంబరులో, ఇది పువ్వు కోసం కాదు, గాలి కోసం. చిక్కుపడిన సన్న రెమ్మల్ని మూడో వంతు తీసేసి పందిరిని పలచన చెయ్యండి, వేలాడే పొడుగు రెమ్మల్ని కట్టెయ్యండి. అక్టోబరు, నవంబరు గాలికి పట్టు దొరక్కూడదు. రెండోది కార్తీకం చివర. పూసి పోయిన పక్క రెమ్మల్ని రెండు, మూడు కన్నులు ఉంచి కత్తిరించండి, బాగా ముసలిదైన రెమ్మ ఒకదాన్ని మొదలంటా తియ్యండి. ఆరేడు వారాలకు, సరిగ్గా సంక్రాంతికి పూతకొస్తుంది.

లావు కోతలకు బోర్డో పేస్టు పూయండి: కేజీ మైలుతుత్తం, కేజీ సున్నం, పది లీటర్ల నీళ్లు అన్నది తోటల లెక్క, ఇంటికి అందులో పదో వంతు కలుపుకుంటే సరిపోతుంది. పూయకపోతే మన తేమకు కోసిన చోటు నుంచి కొమ్మ నల్లగా ఎండుకుంటూ దిగుతుంది.

నల్లమచ్చ తెగులు పట్టాలంటే ఆకు ఏడు గంటలపాటు తడిగా ఉండాలి. కాబట్టి సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లకండి, పొద్దునే మొదలు దగ్గర పొయ్యండి. రాలిన మచ్చల ఆకుల్ని ఎత్తి కాల్చెయ్యండి. వానాకాలం ఎక్కువైతే లీటరుకు రెండున్నర గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు. ఏప్రిల్‌లో ఆకు దుమ్ము పట్టినట్టు వెలిసిపోతే అది ఎర్రనల్లి. అప్పుడు మాత్రం పొద్దున పూట ఆకుల అడుగున పైపుతో గట్టిగా కొట్టండి, సగం పోతాయి. వేప నూనె లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, సబ్బు నీళ్లతో కలిపి సాయంత్రం కొడితే మిగతావి.

అంటు ముడి కింద నుంచి చిగురు లేస్తే అది అడుగు మొక్కది, అంటే అంటు కట్టడానికి వేరుగా వాడిన మొక్కది, లాగి తీసెయ్యాలి. ఒక్కో కాడకు ఏడు ఆకులుంటే అడుగు మొక్క, ఐదుంటే అసలు మొక్క అని ఒక లెక్క చెబుతారు, నమ్మకండి. పాకే గులాబీల్లో చాలా వాటికి ఏడాకులే ఉంటాయి. ఎక్కడ నుంచి పుట్టిందో వేలితో మట్టి తీసి చూడటమే సరైన పద్ధతి.

మొదట్లో చెప్పిన ఆ ఇంగ్లండు తీగను నాలుగో ఏడు మొదలంటా నరికేశాను. వేరు తవ్వడానికి ఓపిక లేక వదిలేస్తే, వానలు పడ్డాక ముడి కింద నుంచి చిగురు వేసింది. ఈసారి తియ్యలేదు. అడుగు మొక్క ఎడ్వర్డ్ గులాబీ. అంటు కట్టడానికి వాడేది, రీయూనియన్ అనే తుపానుల దీవిలో ఒకప్పుడు కంచెగా వేసుకున్నది. ఇప్పుడది పందిరి ఎక్కదు, నడుమెత్తు పొదగా స్తంభం పక్కన ఉంటుంది. గులాబీ రంగు ముద్ద పువ్వులు, మంచి వాసన. పూజకు రోజూ నాలుగు కోస్తున్నాం.